811 టీఎంసీలు ఎక్కడున్నాయి? నదిలో నీటిని ఎలా లెక్కిస్తారు, వాటాలు ఎలా తేలుస్తారు

హైదరాబాద్ నగరం నాగార్జునసాగర్ నుంచి ఏడాదికి తీసుకునే కృష్ణా నీటికి రెండు అంకెలున్నాయి. ఒకటి 16.5 టీఎంసీలు, రెండోది 3.3 టీఎంసీలు. పుట్టంగండి దగ్గర పంపులతో ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయరు మీదుగా మూడు దశల పైపులైన్లలో నగరానికి తెచ్చేది మొదటి అంకె. ఒక్కో దశ రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, మూడూ కలిపి 270. అంటే రోజుకు దాదాపు 122 కోట్ల లీటర్లు. అవే నీళ్లను, కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించిన బచావత్ ట్రైబ్యునల్ చెప్పిన సూత్రం ప్రకారం రాష్ట్రం ఖాతాలో రాస్తే 3.3 అవుతుంది. తాగునీటికి తీసుకున్న దానిలో 20 శాతాన్నే ఖర్చయినట్టు లెక్కగట్టాలని, పరిశ్రమలకు తీసుకున్న దానిలో 2.5 శాతాన్నే లెక్కగట్టాలని ఆ తీర్పులో ఉంది. సాగునీటికి మాత్రం తీసుకున్నదంతా లెక్కే. ఇంట్లో వాడిన నీళ్లు ఆవిరైపోవు, మురుగు కాలువలో పడి మళ్లీ నదికే చేరతాయి కదా అన్నది ఆ సూత్రం వెనకున్న ఆలోచన.

ఆలోచన సబబే. చిక్కల్లా ఆ నీళ్లు తిరిగి నదిలో ఎక్కడ కలుస్తాయన్న దగ్గరే వస్తుంది. హైదరాబాద్ మురుగు మూసీలో పడుతుంది. దారి పొడవునా కత్వల (నీళ్లు మళ్లించే చిన్న అడ్డుకట్టల) దగ్గర, చెరువుల దగ్గర, వరి పొలాల్లో కొంత ఖర్చవుతుంది. మిగిలింది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాడపల్లి ఉన్నది సాగర్ డ్యాముకు దిగువన. నీళ్లు తీసింది డ్యాము పైనుంచి, తిరిగిచ్చింది డ్యాము కింద. కాబట్టి తిరిగొచ్చిన 80 శాతం సాగర్ ఎడమ, కుడి కాలువల రైతుకు ఎన్నటికీ అందదు. అందితే పులిచింతలకు, ఆ కింద కృష్ణా డెల్టాకు అందాలి. 20 శాతమే లెక్కలోకి తీసుకోవాలని తెలంగాణ అడగడానికి తీర్పులో ఆధారం ఉంది. తీసిన చోట తగ్గింది మొత్తం 16.5 అని ఆంధ్రప్రదేశ్ అనడానికి నదిలో ఆధారం ఉంది. రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కృష్ణా నదీ యాజమాన్య బోర్డు సమావేశాల్లో ఏళ్లుగా వాదించుకుంటున్నది ఇలాంటి లెక్కల మీదే.

నీటి వాటా అంటే ఫలానా ఇన్ని టీఎంసీలు అని మనం అలవాటుగా అనుకుంటాం. ఒట్టి టీఎంసీల అంకెతో హక్కు తేలదు. ఎన్నేళ్లకు ఎన్నిసార్లు దొరికే నీళ్లు, ఎక్కడ కొలిచినవి, ఏ నెలలో అందేవి, ఎలా లెక్కగట్టేవి అన్నవి కూడా ఆ హక్కులో భాగమే. వాటిలో ఏ ఒక్కటి తేల్చకుండా వదిలేసినా అక్కడే తగాదా పుడుతుంది.

నీళ్లను కొలవడం

ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లీటర్లలో 2,831 కోట్లకు పైమాట. 11,574 క్యూసెక్కుల (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) ప్రవాహం 24 గంటలు ఆగకుండా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఎకరాల్లో చెప్పాలంటే, కాలువ నష్టాలతో కలిపి ఎకరాకు నాలుగడుగుల నీరు తాగే వరికి ఒక టీఎంసీ ఐదున్నర వేల ఎకరాలకు కాస్త ఎక్కువగా సరిపోతుంది. ఆరుతడి పంటకైతే పది వేల ఎకరాల దాకా వస్తుంది. ‘ఇన్ని టీఎంసీలు, ఇన్ని లక్షల ఎకరాలు’ అని ఎవరు చెప్పినా ముందు భాగించి చూడాలి. టీఎంసీకి ఇరవై వేల ఎకరాలు తేలితే అంకెల్లో ఏదో ఒకటి తప్పు.

నది ప్రవాహాన్ని ఏ మీటరూ నేరుగా చూపదు. కొలిచే చోట నది వెడల్పును ఇరవై, పాతిక ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్కలో లోతు కొలిచి, ఉపరితలం నుంచి లోతులో పదింట ఆరు వంతుల కింద కరెంట్ మీటరు అనే, నీటి వేగం కొలిచే పరికరం ఉంచి వేగం చూస్తారు. 12 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతు, సెకనుకు 0.8 మీటరు వేగం ఉన్న ముక్కలో సెకనుకు 24 ఘనపు మీటర్లు పారుతున్నట్టు. క్యూసెక్కుల్లో సుమారు 847. అన్ని ముక్కలూ కూడితే ఆ పూట ప్రవాహం తేలుతుంది. రోజూ ఇంత పని చేయలేరు గనుక, వేర్వేరు మట్టాల దగ్గర చేసిన కొలతలతో మట్టానికీ ప్రవాహానికీ లంకె చూపే రేఖ గీసుకుంటారు. తరవాత స్కేలు మీద నీటిమట్టం చదివి, ఆ రేఖ నుంచి ప్రవాహం తీస్తారు.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ రేఖ దగ్గరే. వరదకు నది అడుగు కోసుకుపోయినా, ఎవరో ఇసుక తవ్వుకుపోయినా, అదే మట్టం దగ్గర పారే నీళ్లు మారిపోతాయి. రేఖను మాత్రం చాలాసార్లు వెంటనే సరిచేయరు. మట్టం చదవడంలో వచ్చే తేడా కూడా తక్కువేం కాదు. రెండు మీటర్ల లోతున్న చోట పది సెంటీమీటర్లు తప్పు చదివితే లోతులో తేడా 5 శాతమే, ప్రవాహంలో అది 8 శాతం దాటొచ్చు. పెద్ద వరదల్లో నది మధ్యలోకి పడవ వెళ్లలేదు. అప్పుడు తేలే వస్తువు వేగం చూసి, దాన్ని 0.85, 0.9 లాంటి గుణకంతో సవరించుకుంటారు. ఏడాది నీళ్లలో పెద్ద భాగం వచ్చేది ఆ కొద్ది రోజుల్లోనే, కొలత బలహీనంగా ఉండేదీ ఆ రోజుల్లోనే. కాలువల తల దగ్గర టెలిమెట్రీ (ప్రవాహాన్ని దానంతటదే కొలిచి పంపే పరికరాలు) పెట్టాలని తెలుగు రాష్ట్రాలు రెండూ ఎందుకు పట్టుబడతాయో, ఏ కాలువ దగ్గర ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఎందుకు తగవులాడుకుంటాయో ఇది తెలిస్తే అర్థమవుతుంది. హెడ్ రెగ్యులేటర్ (కాలువ మొదట్లోని గేట్లు) దగ్గర కొలిచినదీ, పది కిలోమీటర్ల దిగువన కొలిచినదీ ఒకటి కావు. మధ్యలో తూములుంటాయి, ఇంకుడు ఉంటుంది.

కొలిచిన ప్రవాహం కూడా నది అసలు దిగుబడి కాదు. పైన వాడుకున్నాక మిగిలిన నీళ్లే కొలత దగ్గరికి వస్తాయి. మనుషులు చేయి పెట్టకపోతే ఎన్ని నీళ్లు వచ్చేవో తేల్చాలంటే వెనక్కి లెక్క వేయాలి. ఉదాహరణకు ఒక కొలత కేంద్రం దగ్గర ఏడాదిలో 100 టీఎంసీలు పారాయనుకుందాం. పై కాలువలు 40 తీసుకున్నాయి, అందులో 4 పొలాల నుంచి తిరిగి నదికొచ్చాయి. పైనున్న రిజర్వాయరులో జూన్ 1న 12, మే 31న 20 టీఎంసీలున్నాయి, అంటే 8 పెరిగాయి. ఆవిరైనవి 5. పక్క నది నుంచి తెచ్చి ఇందులో కలిపినవి 3. అప్పుడు అసలు దిగుబడి 100 + 40 – 4 + 8 + 5 – 3, మొత్తం 146 టీఎంసీలు. నీటి సంవత్సరాన్ని జూన్ 1 నుంచి మే 31 వరకు తీసుకోవడానికి కారణం ఉంది. వానలకు ముందు రిజర్వాయర్లు అడుగంటి ఉంటాయి గనుక ఒక ఏడాది నీళ్లు ఇంకో ఏడాది లెక్కలో పడే ప్రమాదం తక్కువ. అయినా పోయినేడాది నిల్వను ఈ ఏడాది రాబడిగా చూపడం అడపాదడపా జరుగుతూనే ఉంటుంది.

ఈ కూడికల్లో పై కాలువలు తీసుకున్న 40 అన్న అంకెను ఒకటికి రెండుసార్లు అడగాలి. చాలాచోట్ల అది కొలిచింది కాదు. ఆయకట్టును ఎకరాకు ఇన్ని నీళ్లన్న అంకెతో గుణించింది, లేదా కాలువ సామర్థ్యాన్ని రోజులతో గుణించింది. వాడుక ఎక్కువ చూపితే ‘నదిలో నీళ్లు ఎక్కువున్నాయి’ అన్న ఫలితం వస్తుంది, ‘నేను ఇప్పటికే వాడుతున్నాను’ అన్న హక్కూ వస్తుంది. తక్కువ చూపితే ‘నా వాటా ఇంకా మిగిలి ఉంది’ అనొచ్చు. ఏ అంకెకు ఎవరికి లాభమో తెలియకుండా దాన్ని నమ్మకూడదు.

75 శాతం విశ్వసనీయత అంటే ఏంటి

ఒక చిన్న వాగు తీసుకుందాం. పదకొండేళ్ల దిగుబడులను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చాం: 62, 48, 45, 41, 38, 36, 33, 29, 24, 17, 11. వరస సంఖ్యను (ఏళ్ల సంఖ్య + 1) తో భాగిస్తే విశ్వసనీయత వస్తుంది. తొమ్మిదో అంకె 24 కదా, 9ని 12తో భాగిస్తే 75 శాతం. అంటే నాలుగేళ్లలో మూడేళ్లు ఈ వాగులో 24 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తాయి. ఆరో అంకె 36 దగ్గర విశ్వసనీయత 50 శాతం. 65 శాతం కావాలంటే ఏడు, ఎనిమిది అంకెల మధ్య పడుతుంది, దాదాపు 29.8. పదకొండూ కూడి భాగిస్తే సగటు 34.9.

వాగు ఒకటే, వచ్చిన వానా ఒకటే. పంచుకోవడానికి ఎన్ని ఉన్నాయంటే 24 అనొచ్చు, 29.8 అనొచ్చు, 34.9 అనొచ్చు. ఏది ఎంచుకోవాలన్నది జలశాస్త్రం చెప్పదు. ఎన్ని చెడ్డ ఏళ్లు భరించగలం, మంచి ఏడాది నీళ్లను చెడ్డ ఏడాదికి దాచుకునే జలాశయం ఉందా అన్న నిర్ణయం అది. జలాశయం లేని చోట సగటు పంచితే దాదాపు సగం ఏళ్లు ఎవరో ఒకరి పొలం ఎండుతుంది. ఎవరిదో ముందే చెప్పొచ్చు కూడా, ఎగువ వాడి తూము ముందు నిండుతుంది గనుక దిగువ వాడిదే.

కృష్ణలో జరిగిందంతా ఈ వాగు కథే, పెద్ద ఎత్తున. 1969లో ఏర్పడిన బచావత్ ట్రైబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు తీసుకుని, 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలని తేల్చింది. సాగు నుంచి నదికి తిరిగొచ్చే పునరుత్పత్తి జలాలు 70 కలిపి 2,130. మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811. ఆ 811లో 800 మూల కేటాయింపు, 11 పునరుత్పత్తి వాటా. వీటినే మనం నికర జలాలంటాం. అంతకు మించి వచ్చిన మిగులు జలాలను దిగువ రాష్ట్రం వాడుకోవచ్చు, కాని దాని మీద హక్కు పుట్టదని తీర్పు స్పష్టంగా చెప్పింది. తెలుగుగంగ, హంద్రీ-నీవా, గాలేరు-నగరి, వెలిగొండ, కల్వకుర్తి, నెట్టెంపాడు ఆ మిగులును నమ్ముకుని కట్టినవే. వాడుకునే స్వేచ్ఛ వేరు, హక్కు వేరు. ఆ తేడా మీద ఇన్ని కాలువలు తవ్వి, లక్షల కుటుంబాలకు నీళ్లు వస్తాయని చెప్పారు. ఈ వివాదంలో నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది ఇదే.

కృష్ణా మీద తరవాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 2010 డిసెంబరులో చెప్పింది వేరే లెక్క. 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్లనే తీసుకుంది. ఆ వరసలో 75 శాతం దగ్గర 2,173, 65 శాతం దగ్గర 2,293, సగటు 2,578 వచ్చాయి. 2,130 మించిన వాటిని, అంటే 65 శాతం దాకా 163, ఆపైన సగటు దాకా 285, మొత్తం 448 టీఎంసీలను కూడా మూడు రాష్ట్రాలకూ పంచేసింది. ఇంతకాలం దిగువకు స్వేచ్ఛగా పారిన మిగులులో ఎగువ రాష్ట్రాలకు హక్కు వచ్చింది. 2013 తుది నివేదిక సవరణల తరవాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 1,005 అయింది, 811 కంటే 194 ఎక్కువ. చూడ్డానికి పెరిగినట్టే. అందులో 150 మాత్రం మంచి ఏడాది నిల్వ చేసి చెడ్డ ఏడాది వాడుకోవాల్సిన క్యారీ ఓవర్. ఎగువన కర్ణాటకలోని అల్మట్టి డ్యాము ఎత్తు 524.256 మీటర్లకు పెంచుకోవడానికీ ఆ ట్రైబ్యునలే ఒప్పుకుంది. పైన నింపుకునే పాత్ర పెద్దదైతే కింద నీళ్లు వచ్చే తేదీ వెనక్కి జరుగుతుంది. జూలైలో రావాల్సిన నీళ్లు ఆగస్టు చివర వస్తే ఏడాది మొత్తంలో అంకె తగ్గకపోవచ్చు, కాని నారుమళ్లు పోయడం ఆలస్యమవుతుంది. ఈ తీర్పు గెజిట్‌లో ప్రచురణ కాకుండా సుప్రీంకోర్టు 2011లోనే ఆపింది. అందుకే డ్యాముల దగ్గర నడిచేది ఇప్పటికీ బచావత్ లెక్కే.

78 ఏళ్ల వరస మంచిదా, 47 ఏళ్లదా? పొడవైన వరసలో కరువులూ వరదలూ ఎక్కువ దొరుకుతాయి. కాని పందొమ్మిదో శతాబ్దం చివరి అంకెలు విజయవాడ ఆనకట్ట మీద పొర్లిన నీటి ఎత్తు నుంచి సూత్రంతో తీసినవి, ఆ సూత్రంలో గుణకం కాస్త మారితే ఏళ్లకేళ్ల అంకెలన్నీ ఒకేసారి మారతాయి. పొట్టి వరసలో కొలత మెరుగు, అయితే ఆ కొద్ది దశాబ్దాలు తడి దశాబ్దాలైతే లేని నీళ్లు కాగితం మీదికొస్తాయి. నా అభిప్రాయంలో ఇలాంటి చోట వరసను మొదటి సగం, రెండో సగంగా విడగొట్టి రెండింటి 75 శాతం అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. అవి దగ్గరగా ఉంటేనే ఆ ఒక్క అంకె మీద పంపకం నిలబడుతుంది.

హక్కు ఎక్కడి నుంచి వస్తుంది

రాజ్యాంగం ప్రకారం నీరు రాష్ట్ర జాబితాలో ఉంది, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ మాత్రం కేంద్ర జాబితాలో. తగాదా వస్తే 262వ అధికరణం కింద 1956లో చేసిన అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం ప్రకారం ట్రైబ్యునల్ తేల్చాలి. నది మా ఊళ్లో పుట్టింది కాబట్టి మొత్తం మాదేనన్న వాదన గానీ, అనాదిగా మాకే వస్తోంది కాబట్టి ఒక్క చుక్క తగ్గకూడదన్న వాదన గానీ ట్రైబ్యునళ్ల ముందు నిలబడలేదు. న్యాయమైన పంపకం అన్నదే సూత్రం. పరీవాహక ప్రాంతం ఎంత, అక్కడ కరువు ఎంత, ఇప్పటికే ఎంత వాడుతున్నారు, వేరే నీటి వనరు ఉందా, నీటి పొదుపు ఎంత, ఇవన్నీ తూకం వేస్తారు.

ఆ తూకంలో బరువైనది పాత వాడుక. 1960 సెప్టెంబరు నాటికి నడుస్తున్న, పరిశీలనలో ఉన్న ప్రాజెక్టులకు బచావత్ ముందుగా రక్షణ ఇచ్చింది. డెల్టాకు, సాగర్‌కు అది కలిసొచ్చింది. సాగర్‌కు 281 టీఎంసీలు, అంటే రెండు కాలువలకూ చెరి 132, ఆవిరికి 17. పాలమూరు, నల్లగొండ మెట్టలకు అప్పటికి ప్రాజెక్టులు తక్కువ గనుక రక్షణకు పాత వాడుకా తక్కువే. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహకంలో 68.5 శాతం తమదేనని, వాటా ఆ మేరకు ఉండాలని తెలంగాణ అడుగుతుంది. వందేళ్లకు పైగా పారుతున్న ఆయకట్టును ఎండబెట్టి కొత్త ఆయకట్టు తడపడం న్యాయం కాదని ఆంధ్రప్రదేశ్ అంటుంది. రెండూ సూత్రంలో ఉన్న మాటలే. దేనికి ఎంత బరువన్నదే తీర్పు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 811 గంపగుత్తగా రాష్ట్రానికి ఇచ్చిందా, ప్రాజెక్టుల వారీగా ఇచ్చిందా? నివేదికలో ఏ ప్రాజెక్టుకు ఎంతన్న అంకెలున్నాయి, కాని అవి మొత్తం ఎంతో తేల్చడానికి వాడిన లెక్కలని, రాష్ట్రం లోపల ఎలాగైనా మార్చుకోవచ్చని ఒక వాదన. ఆ అంకెలే కేటాయింపులని ఇంకో వాదన. రాష్ట్రం ఒక్కటిగా ఉన్నంత కాలం ఈ తేడా ఎవరికీ పట్టలేదు. 2014 విభజన చట్టం 89వ సెక్షన్, ట్రైబ్యునల్ ఇప్పటికే చేసి ఉండకపోతే ప్రాజెక్టుల వారీ కేటాయింపు చేయాలని, నీళ్లు తక్కువైన ఏడు ఎలా వదలాలో విధానం తేల్చాలని బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కు అప్పగించింది. 2023 అక్టోబరులో కేంద్రం రెండు రాష్ట్రాల మధ్య పంపకాన్నే కొత్త విచారణాంశాలుగా దాని ముందు పెట్టింది. ఈలోగా 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అన్నది. అది ఆ ఏడాదికి నడుపుకోవడానికి చేసుకున్న సర్దుబాటు. ఏటేటా దాన్నే వాడుతుంటే జనం నోట అది వాటాగా స్థిరపడిపోయింది.

ఆ 299లో 89.15 టీఎంసీలు చిన్న నీటి వనరులవి, అంటే చెరువులు, కుంటలవి. చెరువు పూడిపోయి, గొలుసు కాలువ తెగిపోయి, అలుగు మీద ఇళ్లు లేస్తే ఆ నీళ్లు కాగితం మీద వాటాగా ఉంటాయి, పొలంలో ఉండవు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీయడం వెనుక ఈ కారణమూ ఉంది. వాటాను వాడుకునే పాత్ర లేకపోతే ఆ వాటా దిగువకు పోతుంది.

పాత్రలూ తగ్గిపోతున్నాయి. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు లెక్కలో 215.8. సాగర్ 408 నుంచి 312కు వచ్చింది. తుంగభద్ర 133 నుంచి 105.8కి. హక్కు అంకె మారలేదు, పూడిక మాత్రం ఆగలేదు. ఆవిరి ఇంకో మౌనపు వాటాదారు. సాగర్ నిండితే నీటి విస్తీర్ణం 285 చదరపు కిలోమీటర్లు. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే రోజుకు 0.05 టీఎంసీ, ఇరవై రోజులకు ఒక టీఎంసీ పోయినట్టు. హైదరాబాద్‌కు ఇరవై రోజుల్లో సాగర్ నుంచి వచ్చేది దాదాపు 0.9 టీఎంసీ. శ్రీశైలం ఆవిరికి బచావత్ ఏడాదికి 33 టీఎంసీలు వేరుగా పెట్టాల్సి వచ్చింది.

కాలం కూడా హక్కేనని చూపే మంచి ఉదాహరణ గోదావరి మీద బాభళి బరాజ్. మహారాష్ట్ర అక్కడ 2.74 టీఎంసీలు నిల్వ చేసుకోవచ్చని 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి షరతులూ పెట్టింది: జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. అంకె చిన్నదే. దిగువన తెలంగాణలో ఉన్న శ్రీరాంసాగర్‌కు పనికొచ్చేది ఆ తేదీలు. కావేరిలోనూ తమిళనాడుకు ఏడాది అంకెతో సరిపెట్టలేదు. రెండు రాష్ట్రాల సరిహద్దులోని బిలిగుండ్లు దగ్గర కొలిచి నెలవారీగా వదలాల్సింది 177.25 టీఎంసీలని 2018 తీర్పు తేల్చింది. ఆ తీర్పులోనే బెంగళూరు తాగునీటికి 4.75 టీఎంసీలు అదనంగా దక్కాయి. నగరంలో మూడోవంతే కావేరి పరీవాహకంలో ఉందని ట్రైబ్యునల్ తగ్గించి లెక్కగట్టడాన్ని కోర్టు ఒప్పుకోలేదు.

హైదరాబాద్‌లో అధిక భాగం కృష్ణా పరీవాహకంలోనే ఉంది గనుక ఆ బెడద లేదు. ఇక్కడి చిక్కు వేరు. మంజీరా, సింగూరు, ఎల్లంపల్లి నుంచి వచ్చేవి గోదావరి నీళ్లు. అవి మన ఇళ్లలో వాడాక మూసీ ద్వారా కృష్ణలో చేరతాయి. ఒక నది నీళ్లు ఇంకో నదికి మళ్లితే ఎవరికి వాటా అన్న ప్రశ్న 1980 గోదావరి తీర్పులోనే ఉంది. పోలవరం నుంచి కృష్ణకు మళ్లించే 80 టీఎంసీలకు బదులుగా కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14 ఇచ్చారు. మిగిలిన 45 ఎవరివన్నది ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల మధ్య వివాదం.

భూగర్భ జలాన్ని బచావత్ పూర్తిగా లెక్క బయట ఉంచింది. ఎవరి భూమిలో వారు తోడుకోవచ్చు, అది కృష్ణా వాడుకగా లెక్కలోకి రాదు. అప్పటి బావుల సంఖ్యకు అది సరిపోయింది. దక్కన్ రాతి నేలలో మాత్రం పైపొరలో ఇంకిన నీరే వానలు వెళ్లాక వాగుల్లో ఊరుతుంది. బోర్లు ఆ పొరను ఖాళీ చేస్తే డిసెంబరు, జనవరిలో పారాల్సిన వాగు అక్టోబరుకే ఆగుతుంది. ఆ తగ్గుదల ఏ రాష్ట్రం ఖాతాలోనూ కనిపించదు, దిగువ కొలత కేంద్రంలో మాత్రం కనిపిస్తుంది.

నీళ్లు తక్కువైన ఏడు

మంచి ఏడాదిలో ఈ లెక్కలు ఎవరూ అడగరు. గేట్లన్నీ ఎత్తి సముద్రంలోకి వదిలేటప్పుడు 512, 299 ఎవరికి గుర్తుంటాయి? తగాదా ఫిబ్రవరిలో మొదలవుతుంది.

సాగర్ పూర్తిస్థాయి మట్టం 590 అడుగులు, నిల్వ 312 టీఎంసీలు. కనీస వినియోగ మట్టం 510 అడుగులు, అక్కడ ఇంకా 131 టీఎంసీలకు పైగా ఉంటాయి. కాబట్టి పేపర్లో ‘సాగర్‌లో 160 టీఎంసీలు’ అని చదివితే, వాడుకోవడానికి ఉన్నది 30కి లోపే. అందులోంచి ముందు తాగునీరు పక్కన పెట్టాలి. వానాకాలం వరద సాగర్‌కు చేరడానికి జూలై దాటొచ్చు గనుక జూలై ఆఖరు దాకా చూసుకోవడం క్షేమం. హైదరాబాద్‌కు నెలకు దాదాపు 1.4 టీఎంసీల చొప్పున ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఆరు నెలలకు 8.25. రెండు రాష్ట్రాల్లో కాలువల కింద ఉన్న పట్టణాలు, ఊళ్ల తాగునీరు దీనికి అదనం. ఆరు నెలల ఆవిరికి ఇంకో ఆరేడు టీఎంసీలు తీసేయాలి. మిగిలింది చూశాకే యాసంగి పంటకు ఎన్ని తడులో చెప్పగలం. ఈ తీసివేతలు చేయకుండా ఆయకట్టుకు మాటిస్తే మార్చి నెలాఖరులో పొట్టకొచ్చిన వరికి నీళ్లు ఆగిపోతాయి. రైతుకు అది కౌలు, ఎరువులు, కూలి అన్నీ పెట్టుబడి పెట్టాక జరిగే నష్టం. నాట్లకు ముందే ‘ఈసారి లేవు’ అని చెబితే ఆరుతడి వేసుకునేవాడు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో రెండు రాష్ట్రాల ఇంజనీర్లూ తమ అవసరాలను ఇండెంట్లుగా బోర్డుకు పంపుతారు. బోర్డు త్రిసభ్య కమిటీ కూర్చుని అప్పటికి ఎవరు ఎంత వాడారు, నిల్వ ఎంత, ఎవరికి ఎంత వదలాలని తేలుస్తుంది. అప్పటిదాకా ఎవరు ఎంత వాడారన్న దగ్గరే బండి ఆగుతుంది. వరద రోజుల్లో తీసిన నీళ్లు వాటాలోకి లెక్కా కాదా? హైదరాబాద్‌కు 16.5 రాయాలా 3.3 రాయాలా? పోయినేడు వాడుకోకుండా మిగిల్చిన నీళ్లు ఈ ఏడు ఎవరివి? ఈ మూడు ప్రశ్నలకు రాసిపెట్టిన జవాబు ఉంటే కమిటీకి అరగంట పని. లేదు గనుక ప్రతి యాసంగికీ మొదటి నుంచి మొదలవుతుంది. ఈలోగా సాగర్ మట్టం 510 వైపు దిగుతూ పోతుంది. అది దాటితే నగరానికి నీళ్లందడానికి పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు దించాలి.